తెరుచుకోని మూత

పొద్దున ఎనిమిదింటికి తెరవబోతే మూత రాలేదు.

ఇంటి వెనక షెడ్డులో ఉంది విమానం. రెండు సీట్లది. తొమ్మిదేళ్లుగా కడుతున్నారు. మూత అంటే పైలట్ తల మీదుగా మూసుకునే కేనపీ, గాజులా కనిపించే ప్లాస్టిక్. పోయినసారి, ఎగరడానికి అనుమతిచ్చే ఇన్‌స్పెక్టర్ దాని మీద బకెట్ నీళ్లు పోయించాడు. సీటు తడిసింది. కారడం ఆపి పిలవమని వెళ్లిపోయాడు. ఇవాళ పదింటికి మళ్లీ వస్తున్నాడు.

విమానం కట్టినాయన లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. కెప్టెన్ అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. ఈ నెలాఖరుతో విమానం నడపడానికి ఆయనకున్న వైద్య అనుమతి అయిపోతుంది. ఆ చూపుకి ఇంకోసారి ఇవ్వనని డాక్టరు చెప్పేశాడు. ఇవాళ సంతకం పడితే ఆదివారం ఎగరొచ్చు. పడకపోతే ఇక లేదు.

"టేపు వేశావా?" అన్నాడు భార్యతో.

"వేశానండీ. చుట్టూరా వేశాను. మీరు చూశారుగా."

"చూసినట్టే గుర్తు."

మూత అంచుకు సిలికాన్ పూసి మూసేస్తారు. తెల్లారేసరికి అది సందుకు సరిపోయే రబ్బరు పట్టీ అవుతుంది. కింది చట్రానికి ముందే ప్యాకింగ్ టేపు వేస్తే దానికి అంటుకోదు. వేయకపోతే మూత, చట్రం ఒకటైపోతాయి. టేపు వేయడం ఆమె పని. ముప్పయ్యేళ్లు బట్టలు కుట్టిన చెయ్యి, ముడత పడనివ్వదు. నిన్న సాయంత్రం ఆ పని ముగించి టీ పెట్టడానికి వెళ్లింది. గుమ్మంలో పక్కింటావిడతో నాలుగు మాటలాడి వచ్చేసరికి ఆయన సిలికాన్ పూసి, మూత దించి క్లాంపులు బిగిస్తున్నాడు.

ఇప్పుడు ఆమె వంగి టేపు అంచు కోసం వెతికింది. సిలికాన్ ఉబికి అంతా కప్పేసింది.

తమ్ముడికి ఫోన్ చేసింది. అతను చేపలు పట్టే తీగ తెచ్చాడు.

"బావా, సీలు బ్రహ్మాండంగా కుదిరింది. నీళ్లు కాదు కదా, నువ్వు కూడా దూరలేవు."

"నోరు మూసుకుని ఆ కొస పట్టుకో" అంది అక్క.

తీగను సందులో దూర్చి అటూ ఇటూ లాగారు. జానెడు మేర సిలికాన్ తెగింది. తీగ కూడా తెగింది. ఇంకో ముక్క తీసుకుంది. అది ఆమె వేళ్లు కోసింది. గుడ్డ చుట్టుకుని మళ్లీ లాగింది.

"కాసేపు ఆగవే అక్కా."

"ఇంకా ఆగాలా? ముందు గది దీని రెక్కలకిచ్చి నా మెషీన్ వరండాలో వేసుకున్నాను. ఒక్కసారి పైకి లేస్తే చాలురా. మళ్లీ దిగాక తుక్కు కింద అమ్మేసినా అడగను."

రెండేళ్ల కిందటే లేవాల్సింది. అప్పుడు ఆయన సీట్లు మార్చాడు. నిరుడు మీటర్ల పలక మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. రంగు మూడుసార్లు వేశాడు. ఆయనకు పనిలో ఓ పట్టాన తృప్తి ఉండదని ఆమె అందరికీ చెప్పుకునేది.

తొమ్మిదిన్నరైంది. సందులో బ్లేడుతో కోస్తున్న ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆమె చూడలేకపోయింది.

"మీరు కూర్చోండి. నేను తీస్తాను."

"బలవంతం చెయ్యకు. పగులుతుంది."

ఆమె స్టీలు స్కేలు దూర్చి పైకి లేపింది. కదిలింది. ఇంకొంచెం లేపింది. చిటుక్కున శబ్దం వచ్చింది. మూలనుంచి మధ్యదాకా గీత పడింది.

ఇన్‌స్పెక్టర్ సరిగ్గా పదింటికి వచ్చాడు. పగులు మీద గోరు పెట్టి చూశాడు.

"కొత్తది ఎప్పటికొస్తుంది?"

"మూడు నెలలు" అన్నాడు కెప్టెన్.

"వచ్చాక పిలవండి."

ఫైలు తెరవకుండానే స్కూటరెక్కాడు.

ఆమె నేల మీద కూలబడింది. "నేనే చెడగొట్టాను. వేశాననే అనుకున్నానండీ. ఒట్టు, వేశాననే అనుకున్నాను. వేయలేదేమో."

కెప్టెన్ ఆమె పక్కన కూర్చున్నాడు. తెగిన వేళ్లు కడిగి, దూది పెట్టి, కట్టు కట్టాడు. ముడి ఒక్కసారికే పడింది.

"పోనీలే. ఎవరికైనా జరుగుతుంది. నేనీ మాట ఇంకెప్పుడూ ఎత్తను."

"నీ ఓపికకి దణ్ణం బావా. నేనైతే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి" అన్నాడు తమ్ముడు.

అక్కను లేపి లోపలికి తీసుకెళ్లాడు.

వాళ్ల అడుగుల చప్పుడు ఆగాక కెప్టెన్ షెడ్డు తలుపు దగ్గరికి వేసి, నిన్న ఆమె టీ పెట్టడానికి వెళ్లినప్పుడు తాను ఒలిచేసిన టేపు ఉండను పనిముట్ల పెట్టె అడుగునుంచి తీసి, చెత్తడబ్బాలో లోపలికంటా నొక్కాడు.