భూమిక కోసం దాచిన గేరు కవరు

తార్నాకలో పాత సామాన్ల దుకాణం ముందు నేను ఆటో దిగకముందే దుకాణదారు బిక్షపతి కేకేశాడు.

"అక్కా, భూమిక ఏది? స్కూటర్ గేరు కవరు దాచిపెట్టిన. అసలైన అల్యూమినియం అల్లాయ్, అయస్కాంతం అంటుకోదు చూడు!"

"క్యాంపస్‌ల పరీక్షలున్నయన్నా. నన్ను తెమ్మన్నది."

"మంచి పిల్లను కన్నవు! ఆడపిల్లలు గాజులు జమ చేస్తరు, నీ బిడ్డ ఇంజను పార్టులు జమ చేస్తది."

నవ్వాను. ఇంట్లో నాకు కాలు నిలవదు. భూమిక చనిపోయాక మావాళ్లెవరూ దాని పేరే ఎత్తడం లేదు, నేను ఏడుస్తానని. పేరు పెట్టి అడిగేది ఈయనొక్కడే. సంగతి తెలిస్తే ఈయన కూడా మానేస్తాడు. ఆ భయంతోనే వారం వారం వచ్చి, అబద్ధం చెప్పి, ఏదో ఒక ముక్క కొనుక్కుపోతాను.

గేరు కవరు కొని, బయటికొచ్చి సంచి మూతి కడుతుంటే లోపల ఆయన భార్య గొంతు వినబడింది.

"ఆ పిల్ల పోయిన ముచ్చట నీకు తెల్వదా? మళ్ల గట్ల అడుగుతవేంది?"

"తెలుసు. నేను గూడ అడగకపోతే ఆ అక్క ఏడికి పోతది?"

చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా అక్కడి నుంచి నడిచాను. నేను విన్నానని ఆయనకు తెలియకూడదు.