రెండో స్ట్రిప్

భర్త వచ్చి ఆమె పనిబల్ల పక్కన కూర్చోవడం తొమ్మిదేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. దుకాణాలకు రంగుల దీపాలు అమర్చడం ఆమె వృత్తి.

"ఊళ్ళో కొట్లన్నీ వెలిగిస్తావు, నా కంప్యూటర్ టేబుల్ ఏం పాపం చేసింది? దానికీ రంగుల లైట్లు పెడదాం. నువ్వు చెప్తూ ఉండు, నేను చేస్తాను" అన్నాడు.

ఆ వారమంతా సాయంత్రాలు పక్కపక్కనే గడిచాయి. ఎల్‌ఈడీ స్ట్రిప్ ఎక్కడ కత్తిరించాలో, ఏ వైరు ఎరుపుకో, ఏది నీలానికో ఒకటికి పదిసార్లు చెప్పింది. వైర్లు అతకడానికి సోల్డరింగ్ చేస్తూ అతను వేలు కాల్చుకుంటే, చెయ్యి పట్టుకెళ్ళి కుళాయి కింద పెట్టింది.

"మీకంటే చిన్నపిల్లలు నయం!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ ఇంట్లో అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

శనివారం టేబుల్ అంచు వెంబడి రంగులు పారాయి. ఆమె కళ్ళు చెమర్చాయి.

అతను సొరుగులోంచి ఇంకో స్ట్రిప్ తీశాడు. "ఇది మొత్తం నేనొక్కణ్ణే చేశాను. సరిగ్గా ఉందా, చూడు."

ఆమె ఒక్కో అతుకూ లాగి చూసింది. ఒక్కటీ ఊడలేదు.

"నాకంటే బాగా చేశారు. ఎవరికండీ, నా బల్లకేనా?"

"కాదు." అతను స్ట్రిప్‌ను జాగ్రత్తగా చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. "రేపట్నుంచి నేను ఇంకొకావిడ దగ్గర ఉంటాను. ఇది వాళ్ళింట్లో టేబుల్‌కి. అక్కడ చేసిపెట్టడానికి నువ్వుండవుగా, అందుకే నేర్చుకున్నా."