ఆట తెలియని మనిషి

మా మనవరాలు వీడియో గేముల మీద సమీక్షలు వేసే పత్రికలో కొత్తగా చేరింది. పాతకాలపు గెంతుళ్ల ఆట ఒకదానికి ఇప్పుడు రెండో భాగం వచ్చింది. ఆట బొత్తిగా తెలియని మనిషి చేత దాన్ని ఆడించి, ఎక్కడెక్కడ తడబడ్డారో సాయంత్రం ఐదుకల్లా రాసి పంపాలి. ఆ మనిషిగా నన్ను కూర్చోబెట్టి, కంట్రోలర్ చేతిలో పెట్టింది.

"ఈ బటన్ నొక్కితే తెర మీది బుడ్డోడు గెంతుతాడు నానమ్మా. గుంటలో పడ్డా కంగారుపడకు, మళ్లీ లేస్తాడు. నువ్వెలా పడతావో రాసుకోవడానికే నేనున్నా" అని ముసిముసిగా నవ్వింది.

"ముందు నువ్వు నిటారుగా కూర్చో" అని ఆట మొదలుపెట్టాను.

గుంట దాటాను. అడ్డొచ్చిన పీత నెత్తిన కాలు పెట్టి పై అరుగు మీదికి ఎగిరాను. ఎదురుగా దారి ఉన్నా వెనక్కి తిరిగి, గోడను తలతో కుమ్మాను. గోడ పగిలి లోపల మరో గది కనిపించింది.

మనవరాలి నవ్వు ఆగిపోయింది. "ఆ గది ఉందని నాకే తెలీదు!"

"పాత ఆటలోనూ అక్కడే ఉండేది. మీ నాన్న బడికి వెళ్లగానే నేను ఆటకు కూర్చునేదాన్ని."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగలేదు."

"అయ్యో నానమ్మా, ఇంకో అరగంటే ఉంది. ఇప్పటికిప్పుడు ఆట తెలియని మనిషిని ఎక్కణ్ణుంచి తేను?"

"పక్కగదిలోంచి మీ నాన్నను పిలు" అన్నాను, తెర మీదినుంచి చూపు తిప్పకుండా. "చిన్నప్పుడు ఆటంతా గెలిచేశానని నీకు చెబుతుంటాడు గానీ, వాడు ఏనాడూ మొదటి గుంట దాటలేదు."