పుట్నాలు లేచి ఎగిరిన రోజు

ఆటోలు వాటంతట అవే తిరగడం మొదలైనప్పటి నుంచీ ఆటో డ్రైవర్ లింగస్వామి పని పోయి ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయాడు. ఆ ఇంట్లో మూలకు కూర్చునే ప్రాణి ఇంకొకటుంది, పుట్నాలు అనే గినీ పంది. దాని గూడే ఒక యంత్రం. వేళకు గడ్డి రాలుస్తుంది, నీళ్లు పోస్తుంది, గోడ మీద పచ్చిక బొమ్మలు ఆడిస్తుంది. అయినా పుట్నాలు మెడలోని బిళ్ళ ఎర్రగా వెలుగుతోంది. జంతువుకు విసుగు పుట్టిందని దానర్థం. సాయంత్రానికి పచ్చబడకపోతే జంతు సంరక్షణ వాళ్ల బండి వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది.

"పోనీయే. రాజభోగం పెట్టినా ఏడ్చేదానికి మనమేం చేస్తం?" అన్నాడు లింగస్వామి.

భార్య సుగుణ వినలేదు. గూడు ఆపేసి పుట్నాలును గచ్చు మీద వదిలింది. అట్టపెట్టెలకు కంతలు కోసి వరసగా పెట్టింది. కొత్తిమీర కాడలు కాగితాల్లో చుట్టి, ఒకటి చాప మడతలో, ఒకటి లింగస్వామి చెప్పులో దాచింది.

"నోటికాడి తిండి దాస్తవేందే? పాపం తగుల్తది."

"నోటికాడికొస్తే తిని తినే గట్లయింది. నిన్ను జూస్తలేనా?"

లింగస్వామికి ఒళ్లు మండింది, కానీ చూపు తిప్పుకోలేకపోయాడు. పుట్నాలు ముక్కు ఆడించింది. ఒక పెట్టెలో దూరి ఇంకో పెట్టెలోంచి తేలింది. చెప్పులోని కాగితం లాగి చీల్చింది. కాడ దొరకగానే కీచుమని కేకేసి, నాలుగు కాళ్లూ లేపి గాల్లోకి ఎగిరింది. బిళ్ళ పచ్చబడింది.

"గంత పెద్ద యంత్రంతోని కానిది అట్టముక్కలతోని జేస్తివి. గట్టిదానివే సుగుణా! ఇగ చాయ్ పొయ్యి."

"ఎప్పుడో పోసిన. ఇంట్లనే యాడనో ఉంది, దేవులాడుకో."

లింగస్వామి గొణుక్కుంటూనే లేచి, ముందుగా బియ్యం డబ్బా వెనక తొంగిచూశాడు.