తిరగేసిన జాకెట్టు

"ఏమే, జాకెట్టు తిరగేసి తొడుక్కున్నావేంటి? ఇంత గొప్ప దర్జీ పెళ్ళానివి, నా పరువేం కావాలి?"

మెడలో టేపుహారం, చేత కత్తెర ధరించి దుకాణం వెనకగదిలో కొలువుదీరిన దర్జీ మహాశయుడు భార్య మీద గర్జించాడు. ఆమె చర్మానికి లింఫోమా అనే క్యాన్సరు వచ్చిన నాటినుంచి, మణికట్టు దాకా చేతులూ గొంతు దాకా మెడా ఉన్న జాకెట్లు స్వహస్తాలతో కుట్టిపెడుతున్నాడు. ఇంతటి భార్యాప్రేమ పురాణాల్లో సైతం లేదని తనకు తానే కితాబిచ్చుకున్నాడు కూడా.

"కుట్లు గుచ్చుకుంటున్నాయండీ. అసలే దురదకి నిద్ర లేదు. తిరగేస్తే కాస్త నయం."

"ముందే ఏడవొచ్చుగా? పొట్టిచేతులు పెట్టేవాణ్ణి."

"మొదట్లోనే అడిగాను. మచ్చలు నలుగురి కంటా పడితే బాగుండదన్నారు. ఈ గదిలోకి ఏ నలుగురొస్తారండీ? చూసేది మీరొక్కరే."

మహాశయుడు ఆ తిరగేసిన కుట్ల వంక చూశాడు. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పినా, పక్క వేరు చేసుకున్నది కూడా తానే.

తలవంచుకుని లేచి, ఆమె భుజం దగ్గర జాకెట్టు చేతి కుట్టు కత్తెరతో విప్పసాగాడు. వేలైనా తగలకుండా, మహా నేర్పుగా. ఆమె కళ్ళు మూసుకుంది.

"కత్తెర చల్లగా ఉందండీ. కాసేపు అక్కడే ఉంచరూ?"

తన చేతి స్పర్శ అడగడం ఆమె ఎప్పుడో మానేసిందని ఆయనకు అప్పుడు అర్థమైంది.