జీలుగువలస మేష్టారు

జీలుగువలస కొండబడి బ్రహ్మాండంగా నడుస్తోందని జీతాలిచ్చే ఆఫీసు వరండాలో ఎవరో అన్నారు. వచ్చేవారం పైనుంచి పెద్దాయన స్వయంగా చూడ్డానికి వస్తున్నారట కూడా. ఆ ముక్క చెవిన పడ్డ దగ్గర్నుంచి త్యాగరాజుకి అన్నం సయించలేదు.

తొమ్మిది మైళ్ల అడవి దాటి రోజూ బడికి వెళ్లే మేష్టారు ఈ భూప్రపంచంలో ఉంటాడా? ఉంటే వాడి మొహం ఒకసారి చూడాలి.

అక్కడ కనబడేదాన్ని బట్టి ఒక మేష్టారి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. ఆ సంగతి త్యాగరాజుకి బాగా తెలుసు. అందుకే ఎవరికీ చెప్పలేదు. బుధవారం తెల్లారేసరికి శృంగవరపుకోటలో బస్సు దిగాడు. కొత్తగా వేసిన రైలు పట్టాలు దాటి, ఒక్కడే కొండదారి పట్టాడు. చేతిలో గొడుగు, సంచిలో నాలుగు ఇడ్లీలు.

ఒక కాలిబాట ఇంకోదాన్లో కలుస్తోంది. అది మరోదాన్లోకి దిగుతోంది. రెండుసార్లు దారి తప్పి వెనక్కి వచ్చాడు. కొత్త చెప్పులు కరిచేస్తున్నాయి. మేష్టారెవరో గానీ, వాడిని మనసులో నాలుగు తిట్టుకున్నాడు.

మొదటి గెడ్డలో నీళ్లు దాటగానే అడ్డాకుల మోపుతో ఒకతను ఎదురయ్యాడు. పేరు లక్ష్ముడట.

"ఎవులు బాబూ నువ్వు? ఏటి పనిమీదొచ్చినావు?" అన్నాడు, ఎగాదిగా చూస్తూ. అది పంతొమ్మిదివందల అరవై ఎనిమిదో సంవత్సరం. కొత్త మనిషి కొండెక్కితే, పోలీసా, పోలీసులు వెతికే మనిషా అని ఆరా తీసే రోజులు.

"జీలుగువలస బడి చూడాలి."

లక్ష్ముడి మొహం మారిపోయింది. "ఇనస్పెట్రు బాబా! సెప్పవేం మరి?"

త్యాగరాజు ఔననలేదు, కాదనలేదు.

"మీ మేష్టారు వస్తున్నాడా?"

"రాకేటి బాబూ! పొద్దున్నే ఈ దారంటే ఎల్నారు. నా కళ్లతో సూసినాను."

త్యాగరాజు గెడ్డ ఒడ్డున తడి ఇసక కేసి చూశాడు. లక్ష్ముడి అడుగులు తప్ప ఇంకో మనిషి అడుగు లేదు.

"ఎలా ఉంటాడు మనిషి?"

"పొడుగ్గా, నల్లగా. గట్టి మనిషి."

మాట పూర్తికాకుండానే లక్ష్ముడు ఆకుల మోపు అక్కడే పడేసి అడ్డదారిన కొండెక్కేశాడు. కబురు మోసుకుపోతున్నాడని చంటిపిల్లాడికైనా తెలుస్తుంది.

రెండో కొండ మీద చోడి చేలో కలుపు తీస్తోంది ఒక ముసలమ్మ, దాలమ్మ. అడక్కుండానే అందుకుంది. "మా మేష్టారు దేవుడు బాబూ. పొట్టిగా, ఎర్రగా, కళ్లజోడెట్టుకుని ఎంత బాగుంటారో!"

"పొడుగ్గా నల్లగా ఉంటాడని విన్నానే?"

దాలమ్మ తడబడింది. "ఎండకి నల్లబడ్డారేమో."

"పొట్టివాడు పొడుగు కూడా అయ్యాడా?"

ముసలమ్మ కొడవలి కింద పెట్టింది. "మేష్టారు రాలేదని రాసేస్తే బడి ఎత్తేత్తారట కదా బాబూ? అందుకే సెప్తన్నాను. వస్తారు. రోజూ వస్తారు."

త్యాగరాజు ముందుకి నడిచాడు. ఇడ్లీ ఒకటి నోట్లో పెట్టుకున్నాడు గానీ దిగలేదు. ఇంతమంది కూడబలుక్కుని ఎవరిని దాస్తున్నారు? ఎవడైనా ఊరొదిలి పారిపోయి వచ్చి ఇక్కడ మేష్టారి వేషం కట్టాడా? అదే అయితే పోలీసులొస్తారు, విచారణ అంటారు. వెనక్కి పోదామా అనుకున్నాడు. కానీ ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే ఇక రాత్రిళ్లు నిద్రపట్టదు.

మధ్యాహ్నానికి జీలుగువలస కనబడింది. పన్నెండో ఎక్కం దూరంనుంచే వినబడుతోంది. అతను గుమ్మంలోకి రాగానే ఠక్కున ఆగిపోయింది.

తాటాకు పాక. పాతికమంది పిల్లలు, పలకలు. నల్లబల్ల పక్కన ముప్ఫై ఏళ్ల ఆడమనిషి నిలబడి ఉంది. చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"మేష్టారేరీ?"

"ఇప్పుడే కిందకి దిగినారు బాబూ. దారిలో తగల్లేదా?"

"నువ్వెవరు?"

"గురమ్మని. బడి ఊడుస్తాను."

"ఆ చెయ్యి చూపించు."

వేళ్లనిండా సుద్ద.

త్యాగరాజు నలుగురైదుగురు పిల్లల్ని లేపి చదివించాడు. ఎవరూ తడుముకోలేదు. లెక్క ఇచ్చాడు. తను మనసులో చేసుకునేలోపే జవాబు వచ్చేసింది. అతనికి సంతోషం వెయ్యలేదు.

"మేష్టారు ఏనాడైనా ఈ కొండెక్కాడా? నిజం చెప్పు."

గురమ్మ తల వంచుకుంది. "నేదు బాబూ. కన్నోరింటికాడ అయిదు వరకూ సదివినాను. మేష్టారు రాకపోతే పిల్లలు మేకలెంట పోతన్నారని నేనే మొదలెట్టినాను. ఆరి మీద ఏటీ రాయకండి. ఆరి పేరు మీదే ఈ బడి ఉన్నాది. ఆరిని తీసేస్తే దీన్నీ ఎత్తేత్తారు. మీ కాల్మొక్కుతాను."

"హాజరు పట్టీ ఇలా తే," అన్నాడు త్యాగరాజు. అన్నది తనేనా అన్నంత సన్నగా వచ్చింది ఆ మాట.

ఆమె పట్టీని పమిటతో తుడిచి, రెండు చేతులతో అందించింది. అతను గోడకి జారబడి కూర్చుని మొదటి పేజీ తిప్పాడు.

మేష్టారి గడిలో మూడేళ్లుగా, ఒక్కరోజు నాగా లేకుండా, గురమ్మ గుండ్రటి చేతిరాతలో ఉన్నది త్యాగరాజు పేరే.