చెయ్యెత్తిన మనుషులు

డ్రైవర్లందరి చెవి వెనకా బుర్రకు సాయంగా చిప్పు పెట్టే రోజులవి. ఏడాదికోసారి డిపోలో పెట్టే వేగపరీక్ష తప్పినవాళ్లకు బస్సు ఇవ్వరు. ఈసారి గౌరునాయుడు తప్పాడు.

"చిప్పు బాగానే ఉంది బాబాయ్, అందులో ఆపరేటింగ్ సిస్టమే పాతది," అంటూ డిపోలో చిప్పులు చూసే హైమ కొత్తది ఎక్కించింది. అదే చిప్పు, అదే బుర్ర, మార్కులు మాత్రం రెట్టింపయ్యాయి!

మర్నాడు అతను బస్సు తీసుకుని వస్తుంటే, వీధి మలుపులో భార్య పైడమ్మ రోజూలాగే అన్నం క్యారేజీ పట్టుకుని చెయ్యెత్తింది. అతని కాలు బ్రేకు మీదికి వెళ్లనే లేదు. అద్దంలో పైడమ్మ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. బస్సు నడుస్తుండగానే గౌరునాయుడు చిప్పులోంచి హైమను పిలిచాడు.

"నా బుర్రలోంచి ఏటి తీసేసినావమ్మా?"

"నేనేటీ తియ్యలేదు బాబాయ్. పాతదైతే రోడ్డు మీద ఎవరైనా చెయ్యెత్తారేమోనని అస్తమానం చూసుకునేది. అందుకే అంత నెమ్మది. కొత్తదానికి ఆ గోల లేదు."

"మరి పరీక్షలో ఎలాగ పాసయిపోనాను?"

"పరీక్షలో మనుషులెక్కడుంటారు బాబాయ్? ఒట్టి రోడ్డే కదా!"

ఎదురుగా ఒక ముసలమ్మ, బస్సు ఎలాగూ ఆగుతుందన్న ధీమాతో, ఇటు చూడకుండానే చెయ్యెత్తి రోడ్డు దాటుతోంది.